మూడు మాటల చాటున: హాంకాంగ్ జౌళి ఒప్పందాల భాషపై ఒక పరిశీలన

తెలుగు అధ్యయన పీఠం వెలువరించే పత్రికలో హాంకాంగ్ నూలు గుడ్డల ప్రసక్తి ఎందుకని విద్యార్థులకు అనుమానం రావచ్చు. విమర్శ కావ్యాలకూ కథలకూ మాత్రమే పరిమితమైన పని కాదు. మాట అర్థాన్ని ఎక్కడ బయటపెడుతున్నదో, ఎక్కడ దాచిపెడుతున్నదో పట్టుకోవడం విమర్శకుని పని అయితే, ప్రభుత్వాలు రాసుకునే ఒప్పంద పత్రాలు కూడా ఆ పరీక్షకు నిలవవలసినవే. పైగా ‘స్వయంప్రతిపత్తి’ అనే మాట మనకు కొత్తది కాదు. కళాశాల బోర్డు మీద చూస్తాం, పత్రికల్లో చదువుతాం, పరీక్షల్లో రాస్తాం. ఆ మాటకు నిజంగా ఎంత బరువుందో తూచి చూడడానికి హాంకాంగ్ జౌళి చరిత్ర ఒక మంచి త్రాసు.

సమస్య ఇది. జపాను ఆక్రమణలో గడిచిన 1941-45 కాలాన్ని మినహాయిస్తే, హాంకాంగ్ 1842 నుంచి 1997 దాకా బ్రిటిష్ వలస. గవర్నరును లండన్ పంపేది. విదేశీ వ్యవహారాలు లండన్ చేతిలో ఉండేవి. శాసనమండలికి మొదటి ఎన్నికలు, అవి కూడా పరోక్షమైనవి, 1985లో గాని జరగలేదు. ప్రజలు నేరుగా ఓటు వేసినది 1991లో. ఇటువంటి ప్రాంతం 1950ల చివరి నుంచి తన గుడ్డల ఎగుమతులపై ఇతర దేశాలు పెట్టదలచిన పరిమితుల గురించి బేరమాడుతూ వచ్చింది. మొదటి పెద్ద బేరం తనను పాలిస్తున్న బ్రిటన్‌తోనే జరిగింది. 1986 నాటికి ప్రపంచ వర్తక నియమావళి అయిన ‘గాట్’ ఒప్పందంలో అది విడిగా ఒక సభ్యస్థానాన్ని కూడా పొందింది. స్వతంత్ర దేశం కానిది స్వతంత్ర దేశాల వరుసలో ఎలా కూర్చోగలిగింది?

దీనికి సాధారణంగా రెండు సమాధానాలు చెబుతుంటారు. వలస వలసే, లండన్ ఆడించిన బొమ్మ మాత్రమే అన్నది మొదటిది. పేరుకు వలస గాని హాంకాంగ్ వాస్తవానికి ఒక స్వతంత్ర వ్యాపార రాజ్యం, లండన్ అడ్డురాలేదు గనుకనే అది వృద్ధి చెందింది అన్నది రెండవది. ఈ రెండూ పత్రాలను పైపైన చదివినందువల్ల కలిగిన అభిప్రాయాలే. హాంకాంగ్‌కు దక్కినది తన చుట్టూ కంచెను తానే కట్టుకునే స్వాతంత్ర్యం. అది ఉత్తుత్తి స్వాతంత్ర్యం కాదు. కంచె ఎక్కడ పాతాలో, ఎంత ఎత్తు ఉంచాలో, ద్వారం ఎవరికి తెరవాలో నిర్ణయించేవాడికి చాలా శక్తి ఉంటుంది. అయితే ఆ శక్తి హాంకాంగ్‌లో ఎవరి చేతికి వచ్చింది, ఎవరి చేతికి రాలేదు అన్నదే అసలు ప్రశ్న. ‘స్వచ్ఛందం’, ‘తరఫున’, ‘స్వయంప్రతిపత్తి’ అనే మూడు మాటలను వరుసగా విచారిస్తే దీనికి సమాధానం దొరుకుతుంది. మన ఆలంకారికులు పదానికి అభిధ, లక్షణ, వ్యంజన అనే మూడు వృత్తులు చెప్పారు. ఒప్పంద పత్రాలు అభిధతో సంతకాలు చేయించుకుంటాయి. పని మాత్రం వ్యంజన చేస్తుంది.

‘స్వచ్ఛందం’

1932 నాటి ఒట్టావా ఒప్పందాల వల్ల బ్రిటిష్ సామ్రాజ్యంలోని సరుకులకు బ్రిటన్ విపణిలో సుంకం లేకుండా, లేదా తక్కువ సుంకంతో, ప్రవేశం దొరికేది. ఆ రోజుల్లో హాంకాంగ్ ముఖ్యంగా సరుకులు చేతులు మారే రేవు. 1949 ముందూ వెనుకా షాంఘై మిల్లుల యజమానులు కొందరు యంత్రాలతో, పెట్టుబడితో, పనితనంతో హాంకాంగ్ చేరారు. కొరియా యుద్ధ కాలంలో, 1950-51లో, చైనాతో వర్తకంపై ఆంక్షలు వచ్చిపడడంతో రేవు వ్యాపారం దెబ్బతిన్నది. సరుకు మోసే ఊరు సరుకు చేసే ఊరుగా మారవలసి వచ్చింది. శరణార్థులతో నిండిన ఆ ఊళ్ళో కూలీలకు కొదవలేదు. చూస్తుండగానే హాంకాంగ్ నూలు గుడ్డ సుంకం లేకుండా లంకషైర్ అంగళ్ళలోకి చేరింది.

లంకషైర్ అంటే ఒకప్పుడు ప్రపంచానికి గుడ్డ కట్టిన సీమ. మన నేతగాళ్ళ చరిత్ర చదివినవారికి ఆ పేరు ఎలా వినిపిస్తుందో చెప్పనక్కరలేదు. అటువంటి బ్రిటన్ 1958లో తాను ఎగుమతి చేసే నూలు గుడ్డ కంటే ఎక్కువ గుడ్డను దిగుమతి చేసుకునే స్థితికి వచ్చింది. మిల్లులు మూతపడుతున్నాయి. 1959లో సాధారణ ఎన్నికలు రానున్నాయి. లంకషైర్ నియోజకవర్గాలను ఏ పక్షమూ వదులుకోలేదు. అయినా మాక్మిలన్ ప్రభుత్వం చట్టం చేసి కామన్వెల్త్ గుడ్డపై పరిమితి పెట్టడానికి జంకింది. సుంకం లేని ప్రవేశం తాను ఇచ్చిన మాట. పైగా హాంకాంగ్ తానే పాలించే భూభాగం. తన వలసను తానే కట్టడి చేస్తున్నట్టు పార్లమెంటులో చెప్పుకోవడం ఎవరికి మాత్రం సుఖంగా ఉంటుంది?

అందుకని వేరే దారి తొక్కారు. ప్రభుత్వాలు పక్కకు తప్పుకున్నట్టు కనిపించి పరిశ్రమలను మాట్లాడుకోమన్నాయి. మాంచెస్టరులోని కాటన్ బోర్డుకూ హాంకాంగ్ మిల్లుల యజమానులకూ మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 1 నుంచి మూడేళ్ళపాటు, బ్రిటన్‌లో వాడకానికి నిలిచిపోయే హాంకాంగ్ నూలు గుడ్డ ఏడాదికి 16 కోట్ల 40 లక్షల చదరపు గజాలు దాటకూడదు. ‘లంకషైర్ ఒడంబడిక’ అని పేరుబడ్డది ఇదే. భారత, పాకిస్తాన్ పరిశ్రమలు కూడా ఇటువంటి పరిమితులకే ఒప్పుకున్నాయి. పత్రాల భాషలో ఇది హాంకాంగ్ పరిశ్రమ ‘స్వచ్ఛందంగా’ ఇచ్చిన హామీ.

‘ఛందం’ అంటే ఇచ్ఛ. స్వచ్ఛందం అంటే తన ఇచ్ఛ ప్రకారం. ఇది అభిధ. కాని మిల్లు పట్టణాల్లో బతికిన తెలుగు కుటుంబాలకు ఈ మాటకున్న మరో అర్థం తెలుసు. ‘స్వచ్ఛంద పదవీ విరమణ’ పథకం కింద సంతకం పెట్టిన కార్మికుడు ఎంత స్వచ్ఛందంగా పెట్టాడో ఆ ఇంట్లోవాళ్ళను అడిగితే చెబుతారు. పెట్టకపోతే మరింత తక్కువతో బయటికి పంపుతారన్న భయం కాగితం మీద ఉండదు; సంతకం మాత్రం ఉంటుంది. హాంకాంగ్ మిల్లుల వారి స్థితి కూడా అంతే. మీరు మీరుగా ఒప్పుకోకపోతే మేము చట్టంతో ఒప్పిస్తాం అన్నది ఆనాటి చర్చలన్నిటికీ వెనుక నిలబడిన వ్యంగ్యార్థం.

ఈ పద్ధతి కొత్తగా పుట్టినది కూడా కాదు. 1933 అక్టోబరులో బొంబాయి మిల్లు యజమానుల సంఘం పక్షాన హెచ్.పి. మోదీ, లంకషైర్ ప్రతినిధివర్గ నాయకుడు విలియం క్లేర్ లీస్ కుదుర్చుకున్న ఒడంబడిక కూడా పరిశ్రమకూ పరిశ్రమకూ మధ్యనే జరిగింది. అప్పుడు వలసగా ఉన్నది మన దేశం. తలుపు తెరవమని అడిగినది లంకషైర్. 1959లో తలుపు వేయమని అడిగినదీ లంకషైరే. పావు శతాబ్దంలో గాలి దిశ మారింది గాని, సర్కారు చేయలేని పనిని సేఠ్‌ల చేత ‘ఇష్టపూర్వకంగా’ చేయించే ఉపాయం మారలేదు.

అయితే ఇక్కడితో ఆగితే మొదటి వర్గం వారి మాటనే తిరిగి చెప్పినట్టవుతుంది. స్వచ్ఛందం అనే మాట అబద్ధమే అయినా, ఆ అబద్ధానికి ఒక ఫలం ఉంది. పరిమితిని దిగుమతి చేసుకునే దేశం పెడితే, ఎవరి సరుకు ఎంత రావాలో ఆ దేశపు అధికారులు, వ్యాపారులు నిర్ణయిస్తారు. ఎగుమతి చేసే ప్రాంతమే పరిమితి పెట్టుకుంటే ఆ నిర్ణయం ఇక్కడ జరుగుతుంది. హాంకాంగ్‌లో అదే జరిగింది. వాణిజ్య శాఖ ఎగుమతి లైసెన్సులు ఇచ్చేది. గతంలో ఎవరు ఎంత పంపారన్న లెక్కను బట్టి కోటాను మిల్లులకు పంచేది. కోటా చేతులు మారడానికి క్రమేణా వీలు కల్పించారు. దాంతో కోటా అనేది పొలం వంటి ఆస్తి అయింది: అమ్ముకోవచ్చు, కౌలుకిచ్చినట్టు ఏడాదికి ఇవ్వవచ్చు. సరుకు కొరత వల్ల పెరిగిన ధరలోని లాభం మాంచెస్టరు దిగుమతిదారుకు పోకుండా హాంకాంగ్‌లో నిలిచింది. పరిమితి గజాల లెక్కన ఉన్నది గనుక, అదే గజానికి ఎక్కువ ధర పలికే రకాల వైపు మిల్లులు మళ్ళాయి.

కంచె కట్టుకోవడంలో ఉన్న లాభం ఇది. కాని కోటా దక్కినది అప్పటికే మగ్గాలు ఆడిస్తున్నవారికి. కొత్తగా వచ్చినవాడు వాళ్ళ దగ్గర కొనుక్కోవలసిందే. ఆ మగ్గాల దగ్గర నిలబడి పనిచేసే మనిషికి ఈ ఆస్తిలో గజం కూడా రాసి లేదు.

‘తరఫున’

1957లో జపాను తన నూలు సరుకు అమెరికాకు పంపడంలో అయిదేళ్ళ పరిమితికి ఒప్పుకున్నది. ఆ ఖాళీలోకి హాంకాంగ్ చొరబడింది. అమెరికా వాణిజ్య శాఖ ఉన్నతాధికారి హెన్రీ కెర్న్స్ 1959లో హాంకాంగ్ వచ్చి మీరు కూడా తగ్గించుకోండని నచ్చజెప్పబోయాడు గాని పని జరగలేదు. లంకషైర్‌కు ఒకసారి ఒప్పుకున్నందుకు లోకమంతా వరుస కడుతున్నదని మిల్లుల వారికి అప్పటికే అర్థమైంది. 1960లో గాట్ సభ్యదేశాలు ‘విపణి విచ్ఛిత్తి’ అనే కొత్త భావానికి గుర్తింపునిచ్చాయి: ఒక ప్రాంతం నుంచి చౌక సరుకు హఠాత్తుగా ఎక్కువై స్థానిక పరిశ్రమకు నష్టం కలిగినా, కలిగే ప్రమాదం ఉన్నా, అది ప్రత్యేకంగా పట్టించుకోవలసిన స్థితి అని దీని భావం. కెన్నెడీ ప్రభుత్వం చొరవతో 1961 అక్టోబరు నుంచి ఏడాదిపాటు స్వల్పకాలిక ఏర్పాటు, 1962 అక్టోబరు నుంచి దీర్ఘకాలిక ఏర్పాటు అమలులోకి వచ్చాయి. 1974 జనవరిలో ఉన్నినీ కృత్రిమ నూలునూ కూడా కలుపుకొని బహుళ నూలు ఒప్పందం వచ్చింది.

ఈ ఏర్పాట్లలో పాల్గొన్న దేశాల పట్టికలో హాంకాంగ్ పేరు విడిగా లేదు. బ్రిటన్ పేరు ఉంది. అది హాంకాంగ్‌కు కూడా ప్రాతినిధ్యం వహిస్తున్నదన్న సూచన దాని పక్కన ఉంది. ఈ చిన్న సూచనలోని చిక్కును గమనించాలి. బ్రిటన్ గుడ్డ దిగుమతి చేసుకునే దేశం; పరిమితులు గట్టిగా ఉండాలన్నది దాని కోరిక. హాంకాంగ్ ఎగుమతి చేసే ప్రాంతం. పరిమితులు సడలాలన్నది దాని కోరిక. ఒకే కుర్చీ, రెండు ప్రయోజనాలు. వాదికీ ప్రతివాదికీ ఒకే వకీలు వకాల్తా పుచ్చుకున్నట్టు.

హాంకాంగ్ స్వాతంత్ర్యం పుట్టినది ఈ ఇరుకులోనే. లండన్ అధికారి హాంకాంగ్ పక్షాన గట్టిగా మాట్లాడితే లంకషైర్ ఊరుకోదు. మెత్తగా మాట్లాడితే హాంకాంగ్ ఊరుకోదు. అందువల్ల బ్రిటిష్ ప్రతినిధివర్గంలోనే హాంకాంగ్ అధికారులు కూర్చుని తమ మాట తాము చెప్పుకునే ఆచారం ఏర్పడింది. ద్రవ్య వ్యవహారాల్లో హాంకాంగ్‌పై తన అదుపును లండన్ 1958లోనే చాలావరకు వదులుకున్నది. వర్తక చర్చలు కూడా ఆ బాటనే పట్టాయి. రాను రాను అమెరికాతో, ఇతర దేశాలతో ద్వైపాక్షిక జౌళి ఒప్పందాలను హాంకాంగ్ అధికారులే మాట్లాడారు. 1973లో బ్రిటన్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరాక ఈ ఎడబాటు మరింత స్పష్టమైంది. 1977లో బహుళ నూలు ఒప్పందాన్ని పొడిగించే ముందు ఐరోపా సమాజం పట్టుబట్టి హాంకాంగ్, దక్షిణ కొరియా, తైవాన్‌ల కోటాలను అప్పటికే జరుగుతున్న ఎగుమతుల స్థాయి కంటే కిందికి దించింది. ఆ బల్లకు అటువైపున ఉన్న పన్నెండు దేశాలలో... కాదు, అప్పటి తొమ్మిది దేశాలలో బ్రిటన్ ఒకటి. పాలించేవాడు ఎదుటి పక్షంలో కూర్చున్నప్పుడు పాలితుడికి సొంత గొంతు ఇవ్వడం ఔదార్యం కాదు, అవసరం.

ఆ గొంతుకు బలం ఎక్కడిది? ఇక్కడ మన దేశ చరిత్రతో ఒక పోలిక ఉపకరిస్తుంది. 1933లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం బ్రిటిషేతర నూలు గుడ్డపై సుంకాన్ని 75 శాతానికి పెంచింది. జపాను మన ముడి పత్తిని కొనబోమని ఎదురుతిరిగింది. సిమ్లాలో, ఢిల్లీలో చర్చలు జరిగాయి. మన పక్షాన వాణిజ్య సభ్యుడు జోసెఫ్ భోర్ నాయకత్వం వహించాడు. జపాను ఏటా 15 లక్షల బేళ్ళ పత్తి కొంటే 40 కోట్ల గజాల దాకా గుడ్డ పంపవచ్చునని తేలింది. ఆనాడు మనదీ వలసే. కాని చేతిలో సుంకం అనే కర్ర ఉంది, అవతలివాడికి కావలసిన పత్తి ఉంది. హాంకాంగ్‌కు ఈ రెండూ లేవు. అది సుంకాలు లేని రేవు. మద్యం, పొగాకు, ఇంధనం వంటి కొన్నింటిపై తప్ప పన్ను వేయని చోట ‘మీ సరుకుపై సుంకం పెంచుతాం’ అని బెదిరించడానికి వీలులేదు.

హాంకాంగ్ చేతిలో ఉన్నవి కాగితాలు. సరుకు నిజంగా ఎక్కడ తయారైందో చెప్పే పుట్టుక ధ్రువపత్రం, ఎగుమతి లైసెన్సు, నెలనెలా లెక్కలు. కోటా పద్ధతి నడవాలంటే ఎగుమతి చేసే చోట ఎవరో ఒకరు నమ్మకంగా కాపలా కాయాలి. లేకపోతే ఒకరి సరుకు మరొకరి పేరుతో దాటిపోతుంది. ఆ కాపలా పనిని హాంకాంగ్ ఎంత శ్రద్ధగా చేసిందో, బల్ల దగ్గర దాని మాటకు అంత విలువ పెరిగింది. ఒప్పందంలో ఏటా 5 శాతం పెరుగుదల అని ఉంటే ఆ 5 శాతాన్ని వదలకుండా అడిగింది. నిబంధన ప్రకారం రుజువు చూపండని నిలదీసింది. కర్ర లేనివాడు చట్టం చదువుకున్నాడు. అయితే ఆ చట్టం కూడా కర్ర ఉన్నవారు రాసినదేనని 1977 గుర్తుచేసింది.

ఇక స్వతంత్ర దేశమైనంత మాత్రాన ఈ కట్టడి తప్పిందా అంటే తప్పలేదు. స్వతంత్ర భారతం కూడా ఇవే ఏర్పాట్లపై సంతకం చేసింది. కుటీర పరిశ్రమగా నేసిన చేమగ్గం గుడ్డకు మాత్రం వాటిలో మినహాయింపు ఉండేది; అందుకు తగిన ధ్రువీకరణ కావాలి. షోలాపూరు, భివండి తెలుగు నేత కుటుంబాలకు ఈ గీత ఎంత దగ్గరదో వేరే చెప్పనక్కరలేదు. చేమగ్గం ఒకవైపు, మరమగ్గం మరొకవైపు. ఒకే కులవృత్తి, జినీవాలో రాసిన వాక్యం వల్ల రెండు చట్టాల కిందికి వచ్చింది. కోటా పడిందా లేదా అన్నదాంట్లో దేశానికీ వలసకూ భేదం లేదు. భేదం మరొకచోట ఉంది. ఢిల్లీలో ఆ సంతకాన్ని ప్రశ్నించడానికి జనం ఎన్నుకున్న సభ ఉంది. హాంకాంగ్‌లో ప్రశ్నించడానికి నియమించబడిన సభ్యులు, సలహా మండళ్ళలో కూర్చున్న మిల్లు యజమానులు ఉన్నారు. ‘హాంకాంగ్ తరఫున’ అన్నప్పుడు ఆ ‘హాంకాంగ్’ అధికారులూ యజమానులూ కలిసిన ఒక చిన్న గది. నేతపనివారు ఆ గది బయట ఉన్నారు.

‘స్వయంప్రతిపత్తి’

ఈ మాట నిర్మాణమే ఆలోచించదగినది. సంస్కృతంలో ‘ప్రతిపత్తి’ అంటే పొందడం, గ్రహించడం, గౌరవం. తెలుగులో అది హోదా అనే అర్థంలో స్థిరపడింది. హోదా ఎప్పుడూ ఇతరులు గుర్తిస్తేనే హోదా. ‘స్వయం’ అంటే తనంతట తాను. తనంతట తాను కలది, ఇతరులు గుర్తిస్తే గాని లేనిది: ఈ రెండూ ఒకే సమాసంలో ఇమిడి ఉన్నాయి. అనువాదకులు ఆలోచించి చేశారో లేదో గాని, హాంకాంగ్ విషయంలో ఇంతకంటే సరిపోయే మాట లేదు.

గాట్ ఒప్పందం 26వ అధికరణంలో ఒక చిన్న నిబంధన ఉంది. ఒక సభ్యదేశం అధీనంలోని సుంక ప్రాంతానికి తన విదేశీ వర్తక వ్యవహారాల్లో పూర్తి స్వయంప్రతిపత్తి ఉన్నా, కొత్తగా కలిగినా, ఆ వాస్తవాన్ని పాలక దేశం ప్రకటిస్తే ఆ ప్రాంతం సభ్యత్వం పొందినట్టే అని దాని సారాంశం. స్వయంప్రతిపత్తి ‘ఇస్తున్నాం’ అనదు, ‘ఉన్నది’ అంటుంది. కాని ఉన్నదని చెప్పవలసిన నోరు పాలకుడిది. 1986 ఏప్రిల్ 23న బ్రిటన్ ఆ ప్రకటన చేసింది. హాంకాంగ్ సభ్యత్వం పొందింది.

ఆ తేదీ వెనుక మరో తేదీ ఉంది. 1984 డిసెంబరులో బ్రిటన్, చైనా సంయుక్త ప్రకటనపై సంతకం చేశాయి. 1997 జూలై 1న హాంకాంగ్ చైనాకు చెందుతుంది. బ్రిటన్ కుర్చీ చాటున సాగిన ఆచారం ఆనాటితో ఆధారం లేకుండా పోతుంది. అందుకే ఆచారాన్ని హక్కుగా రాయించుకోవలసి వచ్చింది. చైనా కూడా 1997 తరువాత ఆ స్థానం కొనసాగుతుందని ప్రకటించింది. 1990లో ఆమోదించిన హాంకాంగ్ మౌలిక శాసనం 116వ అధికరణం దానిని విడి సుంక ప్రాంతంగా చెప్పి, ‘హాంకాంగ్, చైనా’ అనే పేరుతో అంతర్జాతీయ వర్తక ఒప్పందాల్లో పాల్గొనవచ్చునన్నది. ఉదాహరణలుగా గాట్‌నూ జౌళి వర్తక ఏర్పాట్లనూ పేర్కొన్నది. ఎగుమతి కోటాలు హాంకాంగ్‌కే చెందుతాయని కూడా రాసింది. ఒక భూభాగపు రాజ్యాంగం వంటి శాసనంలో గుడ్డల కోటా ప్రస్తావన ఉండడం అరుదు. ముప్పై ఏళ్ళ క్రితం బలవంతంగా రుద్దిన కట్టడి చివరికి కాపాడుకోవలసిన ఆస్తి అయింది.

ఆ ఆస్తి ఎక్కువ కాలం నిలవలేదు. 1995 నుంచి జౌళి కోటాలను దశలవారీగా ఎత్తివేశారు. 2004 డిసెంబరు 31తో అవి ముగిశాయి. ఆపాటికి హాంకాంగ్ మిల్లులు చాలామటుకు సరిహద్దు దాటి దక్షిణ చైనాకు తరలిపోయాయి. గుడ్డ పోయింది, కోటా పోయింది. గుడ్డ కోసం బేరమాడగా వచ్చిన కుర్చీ మాత్రం ప్రపంచ వర్తక సంస్థలో మిగిలింది.

ఆ కుర్చీకి 2020లో గట్టి పరీక్ష ఎదురైంది. జాతీయ భద్రతా చట్టం వచ్చిన వెంటనే, హాంకాంగ్‌కు తగినంత స్వయంప్రతిపత్తి లేదని అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు వెలువరించాడు. హాంకాంగ్ సరుకుపై ‘చైనా’ అని ముద్ర వేయాలని అమెరికా కోరింది. హాంకాంగ్ ప్రపంచ వర్తక సంస్థలో ఫిర్యాదు చేసింది. 2022 డిసెంబరులో విచారణ బృందం ఆ ముద్ర నిబంధన ఒప్పందానికి విరుద్ధమని తేల్చింది. 2023 జనవరిలో అమెరికా అప్పీలుకు వెళ్ళింది. 2019 డిసెంబరు నుంచే అప్పీలు మండలిలో వినడానికి చాలినంతమంది సభ్యులు లేరు. ఒకనాడు లండన్ నోట ‘ఉన్నది’ అనిపించుకున్న హోదాను మరొకరు ‘లేదు’ అన్నారు. ‘ప్రతిపత్తి’ అన్న మాటలోని రెండవ అంశం, ఇతరుల గుర్తింపు, ఎంత జారుడు నేలో దీనివల్ల తెలుస్తుంది.

ఉపసంహారం

వలసలో లభించిన ఈ స్వయంప్రతిపత్తిని తక్కువ చేయనక్కరలేదు. ఏ అధికారమూ రాసిచ్చినది కాని ఒక వెసులుబాటును ఒక తరం అధికారులు లెక్కలతో, ఓపికతో, నిబంధనల పట్టుదలతో హక్కుగా మార్చారు. దానిని పొగడడానికి మాత్రం హద్దు ఉంది. మిల్లు యజమాని కోటాను, అధికారి కుర్చీని సంపాదించుకున్న ఆ నలభై ఏళ్ళలో నేత కార్మికుడికి ఆ బేరంలో ఓటు దక్కలేదు. 1997 తరువాత ఆ ప్రాంతపు భవిష్యత్తును గురించి రెండు ప్రభుత్వాలు మాట్లాడుకున్నప్పుడు కూడా మూడవ కుర్చీ లేదు. గుడ్డల విషయంలో సొంతంగా మాట్లాడగలిగిన హాంకాంగ్, తన విషయంలో మాట్లాడలేకపోయింది. రెండవ వర్గం వారు చూడనిది ఇదే.

తెలుగు నేల వెలుపల చదువుకునే విద్యార్థులకు ‘మీ తరఫున మాట్లాడుతున్నాం’ అనేవారు తరచుగా తారసపడతారు. ఏ పత్రం చదివినా మూడు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకోవాలి. ‘స్వచ్ఛందం’ అని ఉన్నచోట, ఒప్పుకోకపోతే ఏమయ్యేది? ‘తరఫున’ అని ఉన్నచోట, ఆ గదిలో ఎవరు ఉన్నారు, బయట ఎవరు ఉన్నారు? ‘స్వయంప్రతిపత్తి’ అని ఉన్నచోట, ఉన్నదని చెబుతున్నది ఎవరు, లేదని చెప్పగలిగినది ఎవరు? కావ్యంలో వ్యంగ్యాన్ని పట్టుకోవడానికి మనం నేర్చుకున్న విద్య ఇందుకు చాలు. దానిని పరీక్ష కాగితం దగ్గరే ఆపివేయకపోవడం మన పని.